ఎర్ర సముద్రపు ఒడ్డున బక్షీసు



పరిశుద్ధ దేశ యాత్రకు పేర్లు ఇచ్చే సహోదరీ సహోదరులు బయలుదేరక ముందు మమ్మును అడిగే ప్రశ్నలు ఎక్కువగా రెండే. చలి ఎంత ఉంటుందండీ? మన అన్నము దొరుకుతుందా అండీ? మూడవ ప్రశ్న ఒకటి ఉన్నది గాని దానిని ఇక్కడ ఎవరూ అడుగరు. అక్కడికి వెళ్లి, హోటలు గదిలో పెట్టె దింపిన కుర్రవాడు ఇంకా గుమ్మములో నిలబడి ఉండగా మెల్లగా అడుగుతారు. "అంతా ఊళ్లోనే కట్టేశాం కదండీ అయ్యగారూ, మళ్లీ ఇతని చేతిలో కూడా పెట్టాలా?"

ఈ నెల ఆ మూడవ ప్రశ్నను గూర్చి వ్రాయదలచాము. వినడానికి చిన్న సంగతి. అయితే మన యాత్రికులు వెళ్లిపోయిన తరువాత ఆ హోటలు పనివారు మనలను గూర్చి ఏమి అనుకుంటారో, క్రీస్తు పేరు పెట్టుకొని వచ్చిన వారిని గూర్చి ఏమి అనుకుంటారో అది చాలా వరకు ఈ చిన్న సంగతి మీదనే ఆధారపడి యున్నది.

2019 మార్చి నెలలో మేము ముప్పది ఇద్దరము కైరో నుండి బస్సులో బయలుదేరి, సూయజ్ కాలువ అడుగున త్రవ్విన సొరంగము దాటి, సీనాయి ఎడారిలో ప్రవేశించాము. మన కోనసీమ వారికి ఎడారి అంటే ఇసుక అనే ఊహ. సీనాయిలో ఇసుక కంటె రాయి ఎక్కువ. ఎర్రని, నల్లని, గోధుమ రంగు కొండలు. వాటి మీద ఒక్క గడ్డిపోచ లేదు. ఈ దారిన ఆరు లక్షల కాల్బలము, పిల్లలతో మందలతో ఎలాగు నడిచారో అని బస్సులో అందరూ మౌనముగా కిటికీలలోనుండి చూస్తూ కూర్చున్నారు. ఆరవ శతాబ్దములో జస్టీనియన్ చక్రవర్తి కట్టించిన సెయింట్ కేథరిన్ మఠము దగ్గర దిగి, అర్ధరాత్రి దాటాక కొండ ఎక్కాము. ఎత్తు 2,285 మీటర్లు. ఒంటెలు కొంత దూరమే వెళ్తాయి. ఆ పైన 750 మెట్లు మనమే ఎక్కవలెను. సూర్యోదయమును గూర్చి ఇంతకు ముందు చాలామంది ఈ పత్రికలోనే వ్రాశారు గనుక మేము మళ్లీ వ్రాయము.

దిగి వచ్చేసరికి మోకాళ్లు పట్టేసి, సగము మంది కుంటుతున్నారు. ఆ దినమే ఇంకా తూర్పుగా ప్రయాణించి అకాబా సింధుశాఖ తీరమునకు చేరాము. కొండల మధ్యనుండి మలుపు తిరిగి ఒక్కసారిగా నీళ్లు కనబడినప్పుడు బస్సంతా "స్తోత్రము" అన్నది. ఆ నీలము మన బంగాళాఖాతములో లేదు. ఆవలి ఒడ్డున సౌదీ అరేబియా కొండలు కనబడతాయి. తాబా సరిహద్దుకు ఈ ప్రక్కన, ఆ ఒడ్డునే ఒక పెద్ద విశ్రాంతి హోటలులో మాకు రెండు రాత్రులు బస ఏర్పాటు చేశారు. వాళ్లు దానిని రిసార్టు అంటారు.

బయట ఎడారి, గేటు దగ్గర బస్సు క్రింద అద్దము పెట్టి తనిఖీ, గేటు దాటితే పచ్చిక, పూలమొక్కలు, ఈత కొలనులు. మేము దిగగానే ఒక్కొక్కరి మణికట్టుకు రంగు ప్లాస్టిక్కు పట్టీ ఒకటి బిగించారు. మాతో వచ్చిన విశ్రాంత ఉపాధ్యాయులు ఒకరు, "సంతలో పొట్టేలుకి గుర్తు కట్టినట్టు కట్టారండీ" అని నవ్వించారు. ఆ పట్టీ ఉన్నవారికి మూడు పూటల భోజనము, మధ్యలో టీ, పండ్ల రసము, ఐస్‌క్రీము, కొలను, సముద్రపు ఒడ్డున కుర్చీ, అన్నీ కలిపి ముందే కట్టిన సొమ్ములోనివే. దేనికీ బిల్లు రాదు. మద్యము కూడా ఆ లెక్కలోనే ఉన్నది గాని మన వారు ఆ వైపు వెళ్లలేదు.

ఈ పద్ధతికి ఒక చరిత్ర ఉన్నది. 1950లో జెరార్డ్ బ్లిట్జ్ అనే బెల్జియము దేశస్థుడు స్పెయిను దేశపు మయోర్కా ద్వీపములో గుడారములు వేసి, క్లబ్ మెడ్ అను పేరుతో సెలవుల శిబిరము నడిపాడు. యుద్ధములో నలిగిపోయిన జనము నాలుగు రోజులు డబ్బు మాట మరచి ఉండవలెనని ఆ ఆలోచన. తరువాతి కాలములో అక్కడ పానీయములకు నాణెములకు బదులు పూసలు వాడేవారు. మెడలో పూసల దండ వేసుకొని, కావలసినప్పుడు ఒక పూస తీసి ఇచ్చేవారు. 1981లో జమైకా దేశములో శాండల్స్ అనే సంస్థ మొదలై, ఇంచుమించు ఇదే పద్ధతిని దంపతుల కొరకు పెట్టింది. ఇప్పుడు మెక్సికో, డొమినికన్ రిపబ్లిక్, క్యూబా, టర్కీ, ఐగుప్తు, మాల్దీవులు, ఎక్కడ చూసినా ఈ రిసార్టులున్నవి. అమెరికాలో పిల్లల దగ్గరకు వెళ్లిన మన తల్లిదండ్రులను కూడా పిల్లలు సెలవులకు మెక్సికోలోని కాన్‌కూన్‌కు తీసుకొని వెళ్తున్నారు.

అతిథికి ఇది ఎంతో సుఖము. పర్సు గదిలో పెట్టి తాళము వేసి తిరగవచ్చును. అయితే బిల్లు లేదు గనుక చిల్లర లేదు; చిల్లర లేదు గనుక బల్ల మీద ఏదో ఒకటి వదిలి లేచే సందర్భము కూడా లేదు. మన ఊరి కాఫీ హోటలులో సర్వరుకు రెండో ఐదో వదిలే మనిషి కూడా ఇక్కడ పూటపూటకు ఉత్త చేతులతో లేచి వెళ్లిపోతాడు. అతడు పిసినారి కాడు. ఇవ్వవలసిన గడియ ఒకటి ఉన్నదని అతనికి తెలియదు, అంతే.

మొదటి రాత్రి భోజనపు హాలులో మన వారి ముఖములు చూడవలసినదే. పొడవైన బల్లల మీద ఎన్ని రకములో! అన్నము ఉన్నది, కాని సేమియా కలిపి వండినది. తామియా అని పచ్చని వడలు పెట్టారు, బాకలా చిక్కుడు గింజలు రుబ్బి వేసినవి. మన గారెకు దూరపు చుట్టము. కర్కదే అని ఎర్రని పానీయము ఒకటి ఇచ్చారు. అది ఏమిటని విచారిస్తే మన ఎర్ర గోంగూర కాయ మీది ఎర్రని రేకలను ఎండబెట్టి కాచినదని తెలిసింది. ఆ తరువాత ముప్పది ఇద్దరూ దానినే అడిగి త్రాగారు.

మా బల్లకు వడ్డించిన యౌవనస్థుని కుడి మణికట్టు లోపలి వైపు చిన్న సిలువ పచ్చబొట్టు ఉన్నది. ఐగుప్తులోని కోప్తు క్రైస్తవులు చిన్నతనముననే ఈ పచ్చబొట్టు వేయించుకుంటారు. మా మణికట్టున పట్టీ, అతని మణికట్టున సిలువ. మా బృందములో కోనసీమ నుండి వచ్చిన ఒక పెద్దావిడ ఉన్నారు. ఆమె పదకొండు సంవత్సరములు కువైటులో ఇంటిపని చేసి వచ్చినవారు. అక్షరము రాదు గాని అరబ్బీ గలగల మాట్లాడతారు. ఆ సిలువను చూసి ఆమె అరబ్బీలో ఏదో అడిగారు. ఆ యౌవనస్థుడు చేతిలోని పళ్లెము బల్ల మీద పెట్టేసి ఆమె వైపు అలాగే చూశాడు. ఆ రెండు రోజులు ఆమె మాకు ద్విభాషి.

అతడు మిన్యా జిల్లా వాడు. నైలు నది వెంట దక్షిణముగా వెళ్తే వచ్చే ప్రాంతము. 2015 ఫిబ్రవరిలో లిబియా దేశపు సముద్రపు ఒడ్డున ఇరవై ఒక్క మంది క్రైస్తవులను చంపిన వార్త మన సంఘములలో అందరము ప్రార్థనలో ఎత్తుకున్నదే. ఆ ఇరవై ఒక్కరిలో ఇరవై మంది ఐగుప్తు వారు, ఒకరు ఘానా దేశస్థుడు. ఐగుప్తు వారిలో చాలామందిది మిన్యా జిల్లాలోని అల్ ఔర్ అను ఒక్క గ్రామమే. వారు అక్కడికి సువార్త చెప్పుటకు పోలేదు, కూలికి పోయారు. ఊళ్లో భూమి చాలక, పని లేక, మన వారు గల్ఫుకు పోయినట్టే పోయారు. ఇప్పుడు ఆ గ్రామములో వారి జ్ఞాపకార్థము పెద్ద దేవాలయము ఉన్నది, 2018లో తెరిచారు. మాకు వడ్డించిన అతనిది ఆ ఊరికి దగ్గరి ఊరే. "లిబియాకు పోవలసినవాడనే, ఇక్కడ పని దొరికింది గనుక ఇటు వచ్చాను" అని చెప్పాడట. ఆమె దానిని తెలుగులో మాకు చెప్పి కొంతసేపు ఏమీ తినలేదు.

అది వారి శ్రమదినముల కాలము. కోప్తు సంఘములో పునరుత్థాన పండుగకు ముందు యాభై ఐదు దినములు ఉపవాసము. ఆ దినములలో మాంసము, గ్రుడ్లు, పాలు, వెన్న ముట్టరు. అతడు ఉదయము నుండి రాత్రి వరకు మాకు కేకులు, కోడి కూరలు మోసి, రాత్రి పనివారి గదులకు వెళ్లి చిక్కుడు గింజల కూరతో రొట్టె తింటాడు. తోటి పనివారు ఎక్కువమంది మహమ్మదీయులు. రంజాను నెలలో వారు పగలంతా నీళ్లు కూడా త్రాగకుండ ఇవే పళ్లెములు మోస్తారు. వారాల తరబడి ఆపకుండ పని చేసి, తరువాత కొన్ని దినములు ఇంటికి వెళ్లి వస్తారు. జీతము అడిగితే అతడు చిన్నగా నవ్వి వేళ్లు ముడిచి చూపించాడు. ఇల్లు గడిచేది బక్షీసుల మీదనేనట.

అవును, వాళ్లదీ అదే మాట. బక్షీసు. ఆమె అనువదించవలసిన అవసరము లేకుండ మాకు అర్థమైన మొదటి అరబ్బీ మాట అదే. నిజానికి అది అరబ్బీ కూడా కాదు, పారసీక భాష మాట. అటు ఐగుప్తుకు, ఇటు ఉర్దూ ద్వారా మన తెలుగుకు వచ్చింది. ఐగుప్తులో ఈ ఒక్క మాటకు మూడు అర్థములున్నవి. బిచ్చగానికి వేసేదీ బక్షీసే, పని చేసినవానికి సంతోషముగా ఇచ్చేదీ బక్షీసే, ఆఫీసులో కాగితము కదిలించుటకు పెట్టేదీ బక్షీసే. మన దగ్గర ఆ మూడవదానికి "మామూలు" అను వేరే పేరు ఉన్నది. మూడింటికీ ఒకటే పేరు ఉండుట వలన మన యాత్రికులు తికమక పడి, హోటలు పనివానిని బిచ్చగానిగా గాని లంచగొండిగా గాని చూస్తారు. అతడు రెండూ కాడు. చేసిన పనికి ప్రతిఫలములో ఒక భాగమును అతిథి చేతినుండి అందుకొనుట ఆ దేశములో ఉన్న ఏర్పాటు. అది మంచి ఏర్పాటా అన్నది వేరే ప్రశ్న.

ఆ వేరే ప్రశ్ననే ఆ రాత్రి మా ఉపాధ్యాయులవారు లేవదీశారు. హోటలు ముందరి హాలులో కూర్చున్నాము. ఆయన న్యాయముగానే మాట్లాడారు. "అయ్యగారూ, మనం కట్టిన లక్షల్లో వీళ్ల జీతం లేదా? ఆ జీతం సరిగ్గా ఇవ్వాల్సింది హోటల్ యజమాని. మనం చేతిలో పెడుతూ పోతే అతను ఎప్పటికీ పెంచడు. అయినా మనవాళ్లలో గేదెని అమ్మి వచ్చినవాళ్లున్నారు, చీటీ పాడుకొని వచ్చినవాళ్లున్నారు. వీళ్లు దొరలా, డాలర్లు పంచడానికి?"

ఈ మాటలో చాలా సత్యమున్నది. కూలివాని కూలి ప్రొద్దు గ్రుంకక ముందే ఇయ్యవలెనని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము ఆజ్ఞాపించినది యజమానికి. బిగబట్టిన కూలిని గూర్చి యాకోబు పత్రిక 5వ అధ్యాయములో హెచ్చరించబడినది కూడా యజమానులే. అమెరికాలో చూడండి, టిప్పులు తీసుకొనే పనివారికి యజమాని ఇవ్వవలసిన కనీస కూలి కేంద్ర చట్టము ప్రకారము గంటకు 2 డాలర్ల 13 సెంట్లు మాత్రమే, అది 1991 నుండి పెరగలేదు. టిప్పు ఉన్నదనే నెపముతోనే అది అక్కడ ఆగిపోయింది. గనుక టిప్పు ఇచ్చుట వలన లోకములో న్యాయము స్థిరపడుతుందని మేము అనము.

మేము ఏమనాలో ఆలోచిస్తూ ఉండగా కువైటు వెళ్లి వచ్చిన ఆ పెద్దావిడ అందుకున్నారు. "మాస్టారూ, మీరన్నది నిజమేనండి. నా జీతం మొదటి సంవత్సరం ఏజెంటుకే పోయింది. పెంచమని అడిగే దిక్కు లేదు. ఆ ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు, ఒకావిడ పోతాపోతా వంటింట్లోకొచ్చి నా చేతిలో ఐదు దీనార్లు పెట్టిందండి. ఆ డబ్బుతోనే మా పిల్లకి పుస్తకాలు కొన్నాం. మీరనే న్యాయం వచ్చిందాకా ఆవిడ ఆగుంటే, మా పిల్ల చదువు ఆగిపోయేదండి." ఉపాధ్యాయులవారు మరేమీ అనలేదు. మరునాడు ఉదయము గది తుడిచే కుర్రవానితో ఆయన ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడుట మేము చూశాము.

లూకా సువార్త 10వ అధ్యాయములోని సమరయుని గూర్చి మనము ప్రసంగించేటప్పుడు గాయములు కట్టుట దగ్గర ఆగిపోతాము. అతడు మరునాడు సత్రపువానికి రెండు దేనారములు ఇచ్చాడు. మత్తయి 20వ అధ్యాయము లెక్క ప్రకారము దేనారము ఒక దినపు కూలి. అంటే రెండు దినముల కూలి ముందే ఇచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు తీరుస్తానన్నాడు. సేవ చేయువాడు నష్టపోకూడదని అతని చింత. పరదేశములో, సత్రములో, ముక్కు మొగము తెలియని మనిషికి చేసిన చెల్లింపు అది. మన ప్రశ్నకు ఇంత దగ్గరగా ఉన్న మాట పరిశుద్ధ గ్రంథములో మరొకటి మాకు కనబడలేదు.

ఇక ఎంత, ఎవరికి, ఎలాగు అన్న సంగతి. గది శుభ్రము చేసేవారికి దినమునకు ఒక డాలరు, భోజనపు బల్ల దగ్గర ఎప్పుడూ వడ్డించే మనిషికి దినమునకు ఒక డాలరు, పెట్టెలు మోసినవానికి ఒక డాలరు. గేదెను అమ్మి వచ్చినవారికి కూడా ఇది మోయరాని బరువు కాదు. మేము వెళ్లిననాడు డాలరు సుమారు డెబ్బది రూపాయలు, వారి లెక్కలో పదిహేడు పౌండ్లకు పైచిలుకు. 2024 మార్చిలో ఐగుప్తు పౌండు విలువ ఒక్కసారిగా పడిపోయి, డాలరుకు ఇంచుమించు యాభై పౌండ్లు అయింది. ధరలు ఆకాశమునంటాయి. అక్కడి ప్రభుత్వము 2025 మార్చి నుండి ప్రైవేటు పనివారి కనీస జీతమును నెలకు 7,000 పౌండ్లు చేసింది. అది సుమారు 140 డాలర్లు. దానితో పోల్చి చూచుకుంటే ఒక డాలరు నోటు అతనికి ఏమిటో తెలుస్తుంది.

నోటు అన్నాము, నాణెము కాదు. ఇది చాలామందికి తెలియదు. విదేశపు నాణెములను అక్కడి బ్యాంకులు మార్చవు. ఐరోపా యాత్రికులు ఇచ్చిన యూరో నాణెములు జేబు నిండా పెట్టుకొని, ఎవరైనా అతిథి వాటికి బదులు నోటు ఇస్తారేమోనని ఆ పనివారు అడుగుతూ ఉంటారు. మమ్మును కూడా అడిగారు. మా వారిలో కొందరు భయపడి, ఇదేదో మోసమని ప్రక్కకు తప్పుకున్నారు. మోసము కాదు. డాలరు నోటు కూడా చిరిగినది, గీతలు పడినది అయితే తీసుకోరు.

చివరి రోజు ఒకేసారి ఇద్దామని దాచుకుంటే, ఆ రోజు ఆ మనిషికి సెలవు దినము కావచ్చును, లేదా డ్యూటీ మారి వేరొకరు రావచ్చును. ఏ రోజుది ఆ రోజు మేలు. గదిలో ఊరకే బల్ల మీద పెడితే అది మీ డబ్బేనని వారు ముట్టరు. ముట్టితే దొంగతనము మాట వస్తుందని భయము. దిండు మీద పెట్టి, "షుక్రన్" అని ఇంగ్లీషు అక్షరములతో చిన్న కాగితము ఉంచితే చాలును. వందనము అని దాని అర్థము. ఆ గది కుర్రవాడు తువ్వాళ్లు మడిచి మంచము మీద హంసలు చేసి పెట్టేవాడు. ఒక రోజు మొసలి చేశాడు. ఆ పెద్దావిడ తలుపు తీసి కేక వేశారు, నలుగురము పరుగెత్తాము.

వంటవారు, అంట్లు తోమేవారు మన కంటికి కనబడరు. వారి కొరకు కొన్ని హోటళ్లలో కౌంటరు దగ్గర అందరికీ కలిపి ఒక పెట్టె ఉంచుతారు. అడిగి అందులో వేయవచ్చును.

చేతిలో పెట్టేటప్పుడు ఫోటో తీయవద్దు. ఈ మాట వ్రాయవలసి వచ్చినందుకు విచారముగా ఉన్నది గాని వ్రాయక తప్పదు, ఇప్పుడు ప్రతి చేతిలో ఫోను ఉన్నది. రూతు గ్రంథము 2వ అధ్యాయములో బోయజు తన పనివారితో, ఆమె ఏరుకొనునట్లు కొన్ని పిడికెళ్లు కావాలనే విడిచిపెట్టండి, ఆమెను అవమానపరచవద్దు అన్న భావముతో చెప్పాడు. ఇచ్చే పద్ధతి అక్కడ ఉన్నది.

మరొక సంగతి. టిప్పుకు బదులు కరపత్రము పెట్టి రావద్దు. సువార్త పట్ల ఆసక్తితోనే కొందరు అలాగు చేస్తారు, వారి హృదయమును మేము శంకించము. కాని పదునాలుగు గంటలు నిలబడినవాడు దిండు ఎత్తి చూసి కాగితము మాత్రమే కనబడితే దానిలోని వార్త అతనికి సువార్తగా వినబడదు. పైగా ఐగుప్తులో ఇతర మతస్థులకు కరపత్రములు పంచుట వలన మనము విమానము ఎక్కి వచ్చేస్తాము, అక్కడ ఉన్న కోప్తు పనివాడు పోలీసులకు సమాధానము చెప్పుకుంటాడు.

ఇప్పుడు యాత్ర నడిపేవారిని గూర్చి కూడా ఒక మాట. మా యాత్రలో బయలుదేరక ముందే ఒక్కొక్కరి వద్ద టిప్పుల కొరకని యాభై డాలర్లు వసూలు చేశారు. ఇది సాధారణముగా ఉండే పద్ధతే, దానిలో తప్పు లేదు. అయితే ఆ హోటలు పనివారిని అడిగితే గుంపుల తరఫున తమకు ఏమీ రాదని చెప్పారు. యాత్ర సంస్థ వారిని అడిగాము. అది గైడుకు, డ్రైవరుకు అన్నారు. ముప్పది ఇద్దరికి పదహారు వందల డాలర్లు. గైడు ఒకరు, డ్రైవరు ఒకరు, దేశము మారినప్పుడు మరి ఇద్దరు. లెక్క వ్రాసి ఇమ్మని తిరిగి వచ్చాక ఉత్తరము వ్రాశాము. అన్నీ పద్ధతి ప్రకారమే ఇచ్చామని జవాబు వచ్చింది, లెక్క రాలేదు. ఇన్ని సీట్లు తెచ్చిన కాపరికి ఒక సీటు ఉచితము అని కొన్ని సంస్థలు ఇస్తాయి. అలాగు వెళ్లే సేవకులు ఈ లెక్కను అడుగుటకు మొదటి బాధ్యులని మా అభిప్రాయము. విశ్వాసి అడుగలేడు. సేవకుడు అడుగగలడు.

అన్ని దేశములకు ఒకే నియమము లేదని కూడా తెలుసుకొనవలెను. పైన చెప్పిన శాండల్స్ వారి హోటళ్లలో టిప్పు తీసుకొనకూడదని పనివారికి నిబంధన ఉన్నది, ప్రత్యేక సేవకులు కొందరికి తప్ప. అక్కడ బలవంతముగా చేతిలో పెడితే వారి ఉద్యోగమునకే ముప్పు. జపాను దేశములో ఇస్తే వెంటపడి తిరిగి ఇచ్చేస్తారు. మెక్సికోలో ఇవ్వవలెను, ప్రొపీనా అంటారు. ముందే కనుక్కొని వెళ్లుట మంచిది.

మా సంఘములో ఒక సహోదరి కుమారుడు ఎమిరేట్సులోని రాస్ అల్ ఖైమాలో ఇటువంటి రిసార్టులోనే గదులు శుభ్రము చేస్తాడు. సెలవుకు వచ్చినప్పుడు అడిగాము. "మనవాళ్లొస్తే సంతోషంగానే ఉంటదండి. తెలుగు వినబడితే పరిగెత్తుకెళ్తాం. ఏ ఊరు బాబూ, పెళ్లయ్యిందా, జీతమెంత అని అన్నీ అడుగుతారండి. అడిగి, జాగ్రత్త బాబూ అని వెళ్లిపోతారు" అన్నాడు. వాడు నవ్వుతూనే చెప్పాడు. వాడి చెల్లెలి నర్సింగు ఫీజు రెండు సార్లు టిప్పుల డబ్బుతోనే కట్టామని తల్లి తరువాత చెప్పారు. మనము తాబా దగ్గరి హోటలులో దిండు మీద పెట్టే నోటు, రాస్ అల్ ఖైమాలో మన బిడ్డ దిండు ఎత్తి వెదికే నోటు వంటిదే.

ఆ తీరములో పనివారికి అతిథి లేని దినములు కూడా తెలుసు. 2014 ఫిబ్రవరిలో తాబా సరిహద్దు దగ్గరే కొరియా దేశపు సంఘస్థులు వస్తున్న బస్సులో బాంబు పేలి, ముగ్గురు కొరియా దేశస్థులు, ఐగుప్తు డ్రైవరు చనిపోయారు. 2015 అక్టోబరులో షర్మ్ ఎల్ షేక్ నుండి బయలుదేరిన రష్యా విమానము కూలి 224 మంది పోయారు. ఏళ్ల తరబడి హోటళ్లు ఖాళీ. మాకు వడ్డించిన యౌవనస్థుని అప్పటి యజమాని, ఆ ఊరిలోనే వేరొక హోటలు, జీతము లేకుండ ఇంటికి పంపివేశాడట. తరువాత కరోనా వచ్చింది. 2023 అక్టోబరులో యుద్ధము మొదలై, ఇశ్రాయేలు యాత్రలు చాలా వరకు ఆగాయి, సీనాయి మీదుగా వెళ్లే బస్సులు కూడా తగ్గాయి. బక్షీసు మీద బ్రతికే ఇల్లు అటువంటప్పుడు ఏమి తింటుందో మేము అడుగలేదు.

రెండవ రాత్రి దాటి తెల్లవారక ముందే మేము సరిహద్దుకు బయలుదేరవలసి వచ్చింది. హోటలు వారు ఉదయపు భోజనము అట్టపెట్టెలలో కట్టి ఇచ్చారు. ఆ వేళప్పుడు మా యౌవనస్థుడు డ్యూటీలో లేకున్నా బస్సు దగ్గరకు వచ్చాడు. ఆ పెద్దావిడ ఆత్రేయపురము పూతరేకుల పెట్టె ఒకటి ఇంటి నుండి తెచ్చి, యెరూషలేములో ఎవరికో ఇవ్వవలెనని దాచుకున్నారు. అది తీసి అతని చేతిలో పెట్టారు, క్రింద మడిచిన నోటుతో సహా. అతడు మూత తెరిచి వాసన చూసి, నెయ్యి అని గ్రహించి, ఉపవాసము గనుక తాను తినకూడదని, ఇంట్లో చిన్నపిల్లలకు తీసుకొని వెళ్తానని చెప్పాడు. ఇంటికి ఎప్పుడు అని ఆమె అడిగారు. తొమ్మిది దినములట. అప్పటి వరకు మెత్తబడకుండ గాలి తగలనీయక ఎలా ఉంచవలెనో ఆమె అరబ్బీలో చెబుతూ ఉండగానే డ్రైవరు హారను కొట్టాడు.

వచ్చే యాత్రకు పేర్లు ఇచ్చినవారు ఒక్కొక్కరు ఇరవై ఒక డాలరు నోట్లు దగ్గర ఉంచుకొనవలెనని కోరుచున్నాము. రాజమండ్రిలో మనీ ఛేంజరు దగ్గర నూరు డాలర్ల నోటు సులభముగా దొరుకుతుంది గాని ఒక డాలరువి అరుదు. నెల ముందుగా చెప్పి పెట్టుకొంటే తెప్పించి ఇస్తారు.